మా ఊరికి డాక్టరు కావలెను

ఆదివారం పత్రికల్లో 'వధువు కావలెను', 'వరుడు కావలెను' అనే ప్రకటనలు చూస్తూనే ఉంటాం. చదువు, ఎత్తు, శాఖ, నక్షత్రం అన్నీ అందులో ఉంటాయి. మా ఊరి పెద్దలు కూడా ఒక ప్రకటన వేయించదలచుకొంటే, దాని పాఠం బహుశా ఇట్లా ఉంటుంది:

"డాక్టరు కావలెను. రాత్రిపూట కూడా అందుబాటులో ఉండవలెను. మా మాట అర్థం కావలెను. కట్నకానుకల విషయం ముఖాముఖి మాట్లాడుకొనవచ్చును."

ఇది హాస్యానికి రాశానని పాఠకులు అనుకోవచ్చు. కాని ఈ షరతుల వెనక మా ఊరి చరిత్ర చాలా ఉన్నది. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకొని బతికేవాణ్ని. వైద్యం సంగతి నీకేం తెలుసని ఎవరైనా అడిగితే, రోగి మంచం పక్కన కూర్చున్నవాడికి తెలిసినంత తెలుసునని మనవి చేసుకొంటాను. ఇంటింటా ఒక రోగి ఉన్న దేశంలో ఆ మాత్రం అర్హత చాలదా?

మాది కమాన్‌పూర్. పెద్దపల్లి జిల్లా. 2016కు ముందు కరీంనగర్ జిల్లాలో ఉండేది. గోదావరిఖనిలో బస్సెక్కితే గంటలోపే మా ఊళ్ళో దిగవచ్చు. మా ఊరి దేవుడు ఆదివరాహస్వామి. భూదేవిని పాతాళం నుంచి కోర మీద పైకెత్తిన స్వామి. మా చుట్టుపక్కల మనుషులది కూడా కాస్త అటువంటి పనే. భూమి లోపలికి దిగి బొగ్గును పైకి పంపుతారు. తేడా ఏమిటంటే, స్వామికి దమ్ము రాలేదు, వీళ్ళకు వస్తుంది.

మాకు దగ్గరలోనే రామగిరి ఖిల్లా ఉన్నది. ఆ గుట్ట ఔషధ మొక్కలకు పేరు పొందింది. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు, ఆయుర్వేదం వాళ్ళు సంచులు తగిలించుకొని వచ్చి గుట్ట ఎక్కుతుంటారు. మందు మొక్కలకు కరువు లేని చోట మందిచ్చేవాడికి కరువు రావడం చిత్రమే గదా!

చక్కరా? చక్కెరా?

కొంతకాలం క్రితం ఒకనాడు పొద్దున్నే మా వాడకట్టులోకి అరడజను మంది వైద్య విద్యార్థులు వచ్చారు. తెల్లకోట్లు, చేతుల్లో ఫారాలు, వెంట ఒక అధ్యాపకుడు. ఇప్పుడు డాక్టరు చదువులో చేరిన పిల్లలు మొదటి సంవత్సరం నుంచే పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసికొని, చదువు సాగినంత కాలం వాళ్ళ ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండాలని జాతీయ వైద్య కమిషన్ నియమం పెట్టింది. నాకు ఆ నియమం ఎంతో నచ్చింది. పూర్వం గురుకులంలో శిష్యుడు ఊళ్ళోకి వెళ్ళి భిక్షకు నిలబడేవాడు. ఈ శిష్యులు రోగాలను భిక్షగా అడుగుతున్నారన్నమాట.

మా అవ్వ వాకిట్లో కూర్చుని ఉన్నది. మా వైపు అమ్మను అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. ఒక విద్యార్థిని అవ్వ ముందు కూర్చుని, "అమ్మమ్మా, మీకు ఏమిటి ఇబ్బంది?" అని మర్యాదగా అడిగింది.

"పొద్దుగాల లేస్తే చక్కరొస్తున్నది బిడ్డా! గోడ పట్టుకొని నిలవడుత" అన్నది అవ్వ.

ఆ అమ్మాయి ఫారంలో ఏదో రాసుకొని, "చక్కెర ఎన్నేళ్ళ నుంచి ఉంది అమ్మమ్మా?" అన్నది.

"ఏండ్లేంది బిడ్డా, ఇయ్యాల్నే రెండుసార్లొచ్చె!"

అమ్మాయి కలం ఆగిపోయింది. షుగరు వ్యాధి ఒకే పూట రెండుసార్లు వచ్చిపోవడం ఏ పుస్తకంలోనూ లేదు పాపం! అప్పుడు నేను అడ్డుపడి, చక్కర్ అంటే ఉర్దూలో తిరగడమని, నిజాం కాలం నుంచి మా నోళ్ళలో నలిగిన మాట అని, అవ్వకు కళ్ళు తిరుగుతున్నాయే తప్ప చక్కెర వ్యాధి లేదని చెప్పాను. పిల్లలంతా నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.

వాళ్ళతో వచ్చిన అధ్యాపకుడు మాత్రం నవ్వలేదు. అవ్వను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూశాడు. లేచి నిలబడగానే రక్తపోటు బాగా పడిపోతున్నది. "బి.పి. గోలీ ఎన్ని వేసుకొంటున్నారు? ఎవరిచ్చారు?" అని అడిగాడు. మా ఆర్.ఎం.పి. ఇచ్చిన ఒక గోలీ, పట్నంలో బంధువు చెప్పిన ఇంకొక గోలీ, వెరసి రెండు రకాలు మింగుతున్నది అవ్వ. ఆయన ఆస్పత్రికి రప్పించి, పరీక్షలు చేయించి, ఒకటి మాన్పించాడు. పది రోజుల్లో చక్కర్ తగ్గిపోయింది.

ఆ అమ్మాయి వెళ్ళేముందు, "ఇటువంటి మాటలు ఇంకా ఉన్నాయా సార్?" అని అడిగింది. ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. పెయ్యి అంటే ఒళ్ళు. పెయ్యి కాలుతున్నదంటే జ్వరం. దమ్ము అంటే ఆయాసం. సర్ది అంటే జలుబు. పానం నిమ్మలం లేదంటే ఎక్కడ నొప్పో చెప్పలేని బాధ. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని కింద గీత గీశాను. నా ఎం.ఏ. పట్టా ఒక రోగికి పనికి వచ్చింది ఆ రోజునే.

తరువాత ఆలోచించుకొంటే భయం వేసింది. ఆ అధ్యాపకుడు వెంట లేకపోతే? ఆ పిల్లలే మా ఊరికి రాకపోతే? డెబ్బై దాటిన మనిషి తెల్లవారుజామున గోడ దొరక్క పడిపోతే తుంటి ఎముక ఏమయ్యేది?

సూదిమందు దేవుడు

మా ఆర్.ఎం.పి.ని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. తెలంగాణ పల్లెల్లో ఆర్.ఎం.పి. అంటే డాక్టరు చదువు చదవకుండానే నాలుగు మందులు నేర్చుకొని వైద్యం చేసే మనిషి. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేవాడు అతడే. డబ్బు లేకపోతే పంటల మీద ఇమ్మనేవాడూ అతడే. అతని సంచిలో ఉన్న మందు తప్పు కావచ్చు గాని, అతని కాలు మాత్రం సరైన సమయానికి సరైన గడపలో పడుతుంది. డాక్టరు లేని ఖాళీలోకి అతడు వచ్చాడు. ఖాళీ నిండితే తప్ప అతణ్ని పొమ్మనే హక్కు మనకు లేదు.

ఈ ఖాళీ ఇవాళ్టిది కాదు. స్వాతంత్ర్యానికి ముందు సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన సంఘం 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటి లెక్క ప్రకారం దేశంలో ఆరువేల మూడు వందల మందికి ఒక్క డాక్టరు. ఆ డాక్టర్లలో ఎక్కువ మంది పట్నాల్లోనే ఉన్నారు. వెయ్యిమందికి ఒక డాక్టరు ఉండాలంటారు. ఆయుష్ వైద్యులను కూడా కలుపుకొంటే అంతకన్న ఎక్కువే ఉన్నారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. సంతోషమే. కాని ఊరంతటికీ కలిపి తలా రెండు పూటల తిండి ఉన్నదని లెక్క తేలినంత మాత్రాన, పస్తున్నవాడి కడుపు నిండదు గదా! అదే ప్రభుత్వపు 2021-22 లెక్కలు చూస్తే, పల్లెల్లోని సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టులలో నూటికి ఎనభై మంది దాకా లేరు. శస్త్రవైద్యుడు లేడు, కాన్పుల డాక్టరు లేదు, పిల్లల డాక్టరు లేడు.

మా బొగ్గుగనుల ప్రాంతంలో ఇంకొక విశేషం ఉన్నది. ఇక్కడ చాలా కాలం డాక్టరంటే 'ఫిట్టా, అన్‌ఫిట్టా' అని తేల్చే మనిషి. మా బాపు గోదావరిఖనిలో బాయి దిగి బొగ్గు నింపినవాడు. 1996లో ఆయనను అన్‌ఫిట్ చేశారు. ఆ ఉద్యోగం మా అన్నకు వచ్చింది. ఇంట్లో అందరం సంతోషించాం. బాపు మాత్రం మంచంలో దగ్గుతూ సంతోషించాడు. ఊపిరితిత్తుల నిపుణుల కోసం కరీంనగరం, వరంగల్లు, హైదరాబాదు తిరిగాం. 2009లో పోయాడు. "బాపు ఊపిరమ్మి నాకు కొలువు కొన్నడు" అంటాడు మా అన్న ఇప్పటికీ.

ఒకటి నుంచి ముప్పైనాలుగు

ఇక సీట్ల సంగతి. హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లోనే పుట్టింది. అదే పెరిగి ఉస్మానియా వైద్య కళాశాల అయింది. 1954లో గాంధీ, 1959లో వరంగల్లులో కాకతీయ వచ్చాయి. ఆ తరువాత తెలంగాణలో మరొక ప్రభుత్వ వైద్య కళాశాల రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 2008లో ఆదిలాబాదులో రిమ్స్ మొదలైంది. నిజామాబాదుతో కలిపి, 2014లో రాష్ట్రం ఏర్పడేనాటికి ప్రభుత్వ కళాశాలలు ఐదు, వాటిలో ఎం.బి.బి.ఎస్. సీట్లు 850.

తరువాత వేగం వచ్చింది. 2022 నవంబరు 15న ఒక్కరోజే ఎనిమిది ప్రభుత్వ కళాశాలలు ప్రారంభమయ్యాయి. అందులో మా రామగుండం ఒకటి. సింగరేణి సంస్థ 500 కోట్ల రూపాయలు సమకూర్చడానికి పూనుకొన్న కళాశాల కనుక దానికి సింగరేణి పేరే పెట్టారు. 150 సీట్లు. 2023 సెప్టెంబరులో మరి తొమ్మిది, 2024లో ఇంకొక ఎనిమిది వచ్చాయి. దాంతో తెలంగాణలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 34, సీట్లు నాలుగు వేల పైచిలుకు అయ్యాయి. దేశం మొత్తం మీద 2014లో యాభై ఒక్క వేలుగా ఉన్న సీట్లు 2024 నాటికి లక్షా పదిహేడు వేలు దాటాయి. ఐదేళ్ళలో ఇంకా 75,000 పెంచుతామని 2024 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు.

ఇది మన ఒక్కరి గొడవ కూడా కాదు. మన డాక్టర్లను ఏళ్ళ తరబడి పిలిపించుకొని ఆస్పత్రులు నడుపుకొన్న బ్రిటన్ కూడా, తన వైద్య సీట్లను 2031 నాటికి రెట్టింపు చేసి పదిహేను వేలు చేస్తామని 2023లో ప్రణాళిక వేసుకొన్నది. ఉస్మానియాలో, గుంటూరులో, కాకినాడలో చదివినవారు అమెరికాలో, ఇంగ్లాండులో ఎంతమంది ఉన్నారో మన బంధువర్గాల్లోనే లెక్క తీయవచ్చు. పొరుగింటి బావి మీద ఎల్లకాలం ఆధారపడరాదని వాళ్ళకు కూడా తెలిసివచ్చినట్టుంది.

అన్న రెండెకరాలు

అంకెలు చదువుతుంటే పాఠకులకు నిద్ర వస్తుందేమో. మా ఇంట్లో మాత్రం ఈ అంకెల వల్ల నిద్ర పట్టని రాత్రులు గడిచాయి.

మా అన్న కూతురు చిన్నప్పటి నుంచి డాక్టరవుతానని పట్టుబట్టింది. తాత దగ్గు విని పెరిగిన పిల్ల. 2022లో నీట్ పరీక్ష రాసింది. ప్రభుత్వ సీటుకు సరిపడే ర్యాంకు రాలేదు. అన్న ముందు మూడు దార్లు నిలిచాయి. ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ సీటు ఒకటి. దానికి ఏడాదికి పదకొండు పన్నెండు లక్షలు. విదేశం రెండోది. మొత్తం చదువుకు పాతిక, ముప్పై లక్షల్లో అయిపోతుందని ఒక ఏజెంటు ఇంటికి వచ్చి రంగురంగుల కాగితాలు పరిచాడు. మూడోది, ఇంకొక ఏడాది కోచింగు తీసికొని మళ్ళీ రాయడం. ప్రభుత్వ సీటు వస్తే ఫీజు ఏడాదికి పదివేల రూపాయలు. పదివేలకూ పదకొండు లక్షలకూ మధ్య ఉన్న దూరమే మధ్యతరగతి ఇంట్లో ఆడపిల్ల కల బతకడానికీ చావడానికీ మధ్య ఉన్న దూరం.

అన్న రెండెకరాలు అమ్మడానికే సిద్ధపడ్డాడు. "తమ్మీ, భూమిదేముంది? ఓపెన్‌కాస్టు వస్తే ఎట్లాగూ పోయేదే. పిల్ల డాక్టరైతే బాపు ఆత్మ నిమ్మళపడుతది" అన్నాడు.

నేను వద్దన్నాను. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే యుక్రెయిన్‌లో యుద్ధం మొదలై, అక్కడ వైద్యం చదువుతున్న మన పిల్లలు పెట్టెలు వదిలేసి, మంచులో నడిచి సరిహద్దులు దాటి వచ్చారు. క్షేమంగా చదువు ముగించుకొని వచ్చినవారికైనా ఇక్కడ అర్హత పరీక్ష ఉంటుంది. అందులో నలుగురిలో ముగ్గురికి పైగా తప్పిన సందర్భాలున్నాయి. "ఒక్క ఏడాది ఆగు అన్నా! కొత్త కాలేజీలు వస్తున్నాయి" అన్నాను. ఆ మాట అన్నానే గాని, ఆ ఏడాదంతా అన్న ముఖం చూడాలంటే నాకు జంకుగానే ఉండేది. పిల్లకు మళ్ళీ రాకపోతే ఆ పాపం నాదే గదా!

2023లో దేశమంతటా ఇరవై లక్షల మంది రాశారు. రామగుండం కళాశాలలో సింగరేణి ఉద్యోగుల పిల్లలకు నూటికి ఐదు సీట్లు కేటాయించారు. అఖిల భారత కోటా ఇరవైమూడు పోగా మిగిలిన నూట ఇరవైఏడులో ఏడు సీట్లన్నమాట. వేలాది బొగ్గుగని కుటుంబాలకు ఏడు సీట్లు! ఆ ఏడులో మా పిల్ల పేరు లేదు. ఆ సాయంత్రం అన్న అన్నం తినలేదు. నాతో మాట్లాడలేదు కూడా. కాని తరువాతి విడతలో, ఆ ఏడే తెరిచిన తొమ్మిది కొత్త కళాశాలల్లో ఒకదానిలో సీటు వచ్చింది. ఏ ఊరో ఇక్కడ చెప్పను. ఆ కళాశాల ఒక్క సంవత్సరం ఆలస్యంగా తెరిచి ఉంటే మా రెండెకరాలు ఈనాడు ఎవరి పేరు మీద ఉండేవో!

ప్రభుత్వ సీట్లు పెంచడం దండుగ అనేవాళ్ళతో నేను అందుకే వాదించను. మా పట్టాదారు పాసుపుస్తకం తీసి చూపిస్తాను.

సీటంటే కుర్చీ కాదు

కాని కథ అక్కడితో ముగియలేదు. చేరిన మూడు నెలలకు పిల్ల ఫోను చేసింది.

"చిన్నబాపూ, ఇక్కడ నూరు మందిమి ఉన్నం. ఒక సబ్జెక్టుకు నలుగురు సార్లు ఉండవలసిన కాడ ఒక్కరే ఉన్నరు. ఆయన మంచిగనే చెప్తరు. కాని ఆయన ఒక్కరు ఎంతమందికని చూపెడుతరు? ఎనుక నిలబడ్డోళ్ళకు ఏం కనబడది."

నేను ఏదో ధైర్యం చెప్పాను గాని, మనసులో కలుక్కుమన్నది. పంతులు లేని తరగతి ఎట్లా ఉంటుందో పంతులుకు తెలియదా? తెలుగులో ఒక సంధి తప్పు చెప్పినా, చెప్పకపోయినా ఎవరి ప్రాణమూ పోదు. వైద్యంలో వెనక వరసలో నిలబడి చూడలేకపోయిన నరం, పదేళ్ళ తరువాత ఎవరి ఒంట్లోనో తెగుతుంది.

సీటు అనే ఇంగ్లీషు మాటకు మనం కుర్చీ అని అర్థం చెప్పుకొంటాం. బల్లలు పెంచితే సీట్లు పెరిగినట్టే అనుకొంటాం. వైద్యంలో సీటంటే చాలా పెద్ద సంసారం. నూరు సీట్లకు అనుబంధంగా నాలుగు వందలకు పైగా పడకల ఆస్పత్రి ఉండాలి. పడకలున్నంత మాత్రాన చాలదు, వాటిలో రోగులుండాలి. రోగి లేని ఆస్పత్రి నీళ్ళు లేని ఈతకొలను. శవపరిచ్ఛేద శాల, ప్రయోగశాలలు, రక్తనిధి ఉండాలి. అన్నిటికీ మించి ప్రతి విభాగానికి ప్రొఫెసర్లు, అసోసియేట్లు, అసిస్టెంట్లు ఉండాలి. 2025లో జాతీయ వైద్య కమిషన్ తెలంగాణలోని పెక్కు ప్రభుత్వ కళాశాలలకు అధ్యాపకుల కొరత విషయమై సంజాయిషీ అడిగింది. మా పిల్ల చెప్పింది ఒక్క చోటి మాట కాదన్నమాట.

మరి ఈ అధ్యాపకులు ఎక్కడి నుంచి రావాలి? ఎం.బి.బి.ఎస్. తరువాత పి.జి. చదివినవారే అధ్యాపకులవుతారు. పి.జి. సీటు పెరగాలంటే ప్రొఫెసరుండాలి. ప్రొఫెసరుండాలంటే ముందు పి.జి. చదివి ఉండాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుంది. అందువల్ల ఒక రోజున పది కళాశాలలు తెరవవచ్చు గాని, ఒక రోజున పదిమంది ప్రొఫెసర్లను పుట్టించలేం. రామగుండంలో 2022లో చేరిన మొదటి జట్టు నాలుగున్నరేళ్ళ చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ ముగించి బయటికి వచ్చేది సుమారు 2028లో. అందులో ఒకరు పి.జి. చేసి, మూడేళ్ళ తరువాత అదే కళాశాలలో పాఠం చెప్పే రోజు వస్తే, అప్పుడు మా గోదావరి ఒడ్డున నాటిన మొక్క కాయ కాసినట్టు. మామిడి మొక్క నాటినవాడు మరునాడే బుట్ట పట్టుకొని నిలబడడు. అట్లాగని నీళ్ళు పోయడం మానడు.

నా చిన్న బుద్ధికి తోచేది ఒక్కటే. కొత్త కళాశాలల పేర్లు ప్రకటించేటప్పుడు సీట్ల సంఖ్యతో పాటు, చేరిన అధ్యాపకుల సంఖ్యను కూడా అంతే పెద్ద అక్షరాలతో ప్రకటించాలి. దూరపు ఊళ్ళకు వచ్చే అధ్యాపకులకు ఇల్లు, పిల్లల బడి, కొంత అదనపు జీతం చూడాలి. సింగరేణి తన ఇంజనీర్లను అడవి అంచుల్లో కాపురం పెట్టించింది గదా! మా దగ్గరి సెంటినరీ కాలనీయే అందుకు సాక్ష్యం. ముందు క్వార్టర్లు కట్టింది, బడి పెట్టింది, నీళ్ళు తెచ్చింది. మనుషులు తరువాత వచ్చారు. బొగ్గు కోసం చేయగలిగినది ప్రాణం కోసం చేయలేమా?

జపానువారి షరతు

ఒకవేళ అధ్యాపకులు కుదిరారు, పిల్లలు డాక్టర్లయ్యారు. వాళ్ళు మా ఊళ్ళకు వస్తారా?

జపానులో ఇదే సమస్య వచ్చినప్పుడు 1972లో జిచి అనే వైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలోని ప్రతి రాష్ట్రం నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులను ఎంచుకొంటారు. చదువు ఖర్చు వాళ్ళ సొంత రాష్ట్రం భరిస్తుంది. షరతు ఒక్కటే. చదువు ముగిసిన తరువాత తొమ్మిదేళ్ళు సొంత రాష్ట్రంలో, డాక్టర్లు తక్కువగా ఉన్న చోట్ల పనిచేయాలి. మాట తప్పితే ఖర్చు తిరిగి కట్టాలి. అయితే వాళ్ళను పల్లెలో దింపి చేతులు దులుపుకోరు. మధ్యలో పెద్ద ఆస్పత్రికి తెచ్చి పై పని నేర్పుతారు. పల్లె వైద్యం శిక్ష కాదు, ఒక వృత్తి అని వాళ్ళకు నమ్మకం కలిగిస్తారు. ఆ షరతు పూర్తిచేసినవారే అధికం.

మన దేశంలో కూడా పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలనే నియమం వచ్చింది. మంచిదే. కాని మూడు నెలల్లో అవ్వ భాష కూడా రాదు. చక్కర్‌కూ చక్కెరకూ తేడా తెలిసే సరికే బదిలీ కాగితం వస్తుంది.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు

ఇదంతా రాసి దాచుకొన్న తరువాత, మొన్న దసరాకు పిల్ల ఇంటికి వచ్చింది. మూడేళ్ళలో మనిషి మారింది. మాట నెమ్మదించింది. నాయినమ్మ చెయ్యి పట్టుకొని నాడి చూస్తూ కూర్చున్నది. సద్దుల బతుకమ్మ మరునాడు ఇల్లంతా తంగేడు పూల వాసన. అన్న రెండో షిఫ్టు నుంచి ఇంకా రాలేదు.

అవ్వ నెమ్మదిగా అడిగింది: "నువ్వు డాక్టరైనంక ఈడికే వస్తవా బిడ్డా?"

నేను పుస్తకంలో తల దూర్చాను గాని, చెవులు అటే పెట్టాను. వస్తానని ఒక్క మాట అంటే ఈ వ్యాసానికి చక్కని ముగింపు దొరుకుతుంది గదా అనుకొన్నాను. ఉపాధ్యాయుల బుద్ధి అది.

పిల్ల అబద్ధం చెప్పలేదు.

"నాయినమ్మా, ఒక్కదాన్ని వచ్చి ఏం చేయాలె? నడి రాత్రి కాన్పు అడ్డం తిరిగితే, మత్తు ఇచ్చే డాక్టరు ఉండడు. ఎక్కియ్యడానికి రక్తం ఉండది. నర్సు లేకపోతే నా చేతులు రెండే. తల్లి చచ్చిపోతే ఊరంతా నా మీదికి వస్తది. చిన్నబాపు కూడా అప్పుడు ఏమీ చేయలేడు. చదువు నేర్పిన సార్లు, 'తెలియని పని ఒంటరిగా చేయకు' అనే చెప్తున్నరు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నీ చదువుకు సర్కారు ఎంత ఖర్చు పెట్టిందో తెలుసా అని అడగవచ్చు. రెండెకరాల సంగతి గుర్తు చేయవచ్చు. కాని ఆమె చెప్పినదాంట్లో స్వార్థం లేదు, భయం ఉన్నది. ఆ భయం న్యాయమైనది. ఇంతకాలం మేమంతా డాక్టరంటే ఒక మనిషి అనుకొన్నాం. ఒంటి చేత్తో కొండనెత్తే మనిషి అనుకొన్నాం. ఇప్పుడు మా ఇంటి పిల్లే ఆ కొండ కింద నిలబడితే గాని, దాని బరువు తెలియలేదు.

అవ్వ కొంచెంసేపు ఏమీ అనలేదు. చెంగుతో కళ్ళజోడు తుడుచుకొన్నది. తరువాత, సంతకు పోయే మనిషికి సరుకులు చెప్పినంత మామూలుగా అన్నది:

"సరే తియ్యి. నువ్వొక్కదానివి రాకు. ఇంకిద్దరు ముగ్గురిని తోలుకొని రా."

పిల్ల పకపక నవ్వింది. నవ్వి, కాసేపు ఆలోచించి, "అట్లయితే వస్త" అన్నది.

ఆ మాట నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఆమె చదువు ముగియడానికి ఇంకా కొన్నేళ్ళున్నది. పి.జి. ఉన్నది. పెండ్లి ఉన్నది. హైదరాబాదు ఉన్నది. అమెరికా కూడా ఉన్నది. కాని సీట్ల సంగతి, అధ్యాపకుల సంగతి, జపాను సంగతి ఇంత దూరం తిరిగి వచ్చిన నాకు దొరకని పరిష్కారం, బడి ముఖం చూడని మా అవ్వకు అర నిమిషంలో దొరికింది. మత్తు డాక్టరు, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, ఇద్దరు నర్సులు, సీసాల్లో రక్తం, ఇవన్నీ ఒక్క కప్పు కింద ఉంటే, మా పిల్లే కాదు, ఎవరి పిల్ల అయినా వస్తుంది.

కాబట్టి వ్యాసం మొదట్లో మా ఊరి తరఫున నేను రాసిన ప్రకటనలో ఒక సవరణ చేయాలి. తెలుగు పంతులుగా అది నా బాధ్యత. ఏకవచనం తప్పు. 'డాక్టరు కావలెను' అని కాదు, 'డాక్టర్లు కావలెను' అని చదువుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.